బాక్స్‌స్టర్ 987 మాన్యువల్: యాక్సిలరేటర్ పెడల్‌కి ఇంట్లోనే ప్లేట్ బిగించుకోవచ్చా? (చెన్నై)

ఫ్లాట్‌సిక్స్_తిరువాన్మియూర్

అందరికీ నమస్కారం. నాది 2008 పోర్షే బాక్స్‌స్టర్, 987 మోడల్, 2.7 ఇంజిన్, ఐదు గేర్ల మాన్యువల్. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. ఇంజిన్‌కి, గేర్‌బాక్స్‌కి వంక పెట్టాల్సిన పనే లేదు. ఇబ్బందల్లా కాళ్ల దగ్గరే. బ్రేక్ తొక్కుతూ గేర్ దించేటప్పుడు అదే పాదం అంచుతో యాక్సిలరేటర్‌ని ఒక్క తట్టు తట్టాలి కదా, నాకది అందట్లేదు. బ్రేకూ క్లచ్చూ పైనుంచి వేలాడే రకం. యాక్సిలరేటర్ మాత్రం నేల దగ్గర కీలున్న రకం. బ్రేక్ పైనా, ఇది లోపలా ఉంటాయి. నా షూ సైజు 7. మడమ తిప్పి అందుకుందామంటే మోకాలు స్టీరింగ్‌కి తగులుతోంది.

రెన్‌లైన్ వాళ్ల సర్దుబాటు చేసుకునే అల్యూమినియం పెడల్స్ ఉన్నాయని తెలుసు. కస్టమ్స్ కట్టి తెప్పించుకునే బదులు, ఒక అల్యూమినియం ముక్క కోసి ఇంట్లోనే బిగించుకుంటే పోలేదా అనిపిస్తోంది. డ్రిల్, వైస్, ఆకురాళ్లు ఉన్నాయి. ఇది చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఎంత ఎత్తు పెంచాలి, ఏ వైపు వెడల్పు చెయ్యాలి?

నెల్లూరు_క్లచ్

బాక్స్‌స్టర్ కొన్నోడికి పెడల్ కొనేదానికి చేతులు రావడంలా! ఊరికే అన్నాలే అన్నా, ఏమనుకోబాక. నా పోలోకి కూడా ఇట్టాంటిదే చెయ్యాలని ఉంది. ఈడే కూర్చుంటా.

ఈసీఆర్_గాలి

దీనికింత ఆలోచనెందుకు బ్రో. వాషర్లు పేర్చు, పైన ప్లేట్ పెట్టు, నాలుగు స్క్రూలు బిగించు. ఒక పూట పని. బ్రేకూ యాక్సిలరేటరూ ఒకే లెవెల్లో కనపడాలి, అంతే. తెల్లవారుజామున ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద ఒకసారి నడిపి చూస్తే నీకే తెలుస్తుంది.

లేత్_మాస్టర్ (అంబత్తూరు)

గాలి గారూ, ఒక్క నిమిషం. కాలు పెట్టకముందే రెండు పెడల్సూ ఒకే లెవెల్లో ఉన్నాయంటే ఆ కారు రోడ్డెక్కకూడదు.

ఈ తట్టుడు పని ఎప్పుడు పడుతుంది? బ్రేక్ మీద బలం పెట్టి ఉన్నప్పుడు. అప్పటికి బ్రేక్ పెడల్ కొంత దిగిపోయి ఉంటుంది. వదిలేసి ఉన్నప్పుడు సమానంగా పెట్టుకుంటే, గట్టిగా తొక్కగానే యాక్సిలరేటరే పైకి తేలుతుంది. పాదం రెండిటినీ కలిపి నొక్కుతుంది. బండి ఆగాల్సిన చోట ఇంజిన్ ముందుకు లాగుతుంది.

అందుకని ముందు కొలత. హ్యాండ్ బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో ఇంజిన్ స్టార్ట్ చేసి పెట్టండి. ఇంజిన్ ఆపి కొలిస్తే లాభం లేదు. రెండు మూడుసార్లు తొక్కేసరికి, బ్రేక్‌కి బలం కలిపే బూస్టర్‌లో వ్యాక్యూమ్ అయిపోయి పెడల్ గట్టిపడి పైనే నిలబడిపోతుంది. ఇంజిన్ నడుస్తుండగా, ఎదురుగా ఎవరైనా అడ్డమొస్తే ఎంత బలంగా తొక్కుతారో అంత బలంగా తొక్కి పట్టుకోండి. ఇంకొకరు కింద కూర్చుని స్టీల్ స్కేలుతో బ్రేక్ ముఖానికీ యాక్సిలరేటర్ ముఖానికీ మధ్య లోతు చూడాలి. మీకు కావలసిన అంకె అదొక్కటే. రోడ్డు మీద తిరిగే కారైతే అందులో 8 నుంచి 10 మి.మీ. అలాగే వదిలేసి మిగతాదే నింపమంటాను.

ఎందుకు వదలాలంటే, వేడికి. ట్రాక్ మీద వరసగా ల్యాపులు తిప్పితే బ్రేక్ ఫ్లూయిడ్ కాగుతుంది. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఫ్లూయిడ్ 230 డిగ్రీల లోపు మరగకూడదు. తేమ పీల్చిన ఫ్లూయిడ్‌కి ఆ హద్దు 155 డిగ్రీలే. మన చెన్నై గాలిలో తేమకి కొదవా? మరగడం మొదలైతే లైన్లలో ఆవిరి చేరుతుంది, పెడల్ ఇంకా లోపలికి పోతుంది. పొద్దున అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో 10 మి.మీ. ఉన్న తేడా మధ్యాహ్నం ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద ఏమీ లేకుండా పోవచ్చు. ఫ్లూయిడ్ మార్చి ఎన్నాళ్లయిందో తెలియకపోతే ముందు ఆ పని చెయ్యండి, ప్లేట్ సంగతి తర్వాత.

నెల్లూరు_క్లచ్

అసలు ఈ తట్టుడు ఎందుకో నాలాంటోళ్లకి ఎవరన్నా చెప్పండబ్బా. క్లచ్ మెల్లిగా వదిలితే సరిపోదా?

షోళవరం_పాతకాపు

సరిపోతుంది బాబూ, రోడ్డు మీద. మలుపు ముందు గట్టిగా బ్రేక్ వేస్తూ మెల్లిగా వదిలే తీరిక ఉండదు.

లెక్క చూడు. మూడో గేర్‌లో ఇంజిన్ నిమిషానికి 3,500 సార్లు తిరుగుతోందనుకో. అదే వేగానికి రెండో గేర్‌లో చాలా కార్లలో 5,000 దగ్గరికి రావాలి. ఆ మధ్య తేడాని నువ్వు యాక్సిలరేటర్ తట్టి ఇంజిన్‌తో ఇప్పిస్తే సరే. లేదంటే క్లచ్ వదలగానే చక్రాలు ఇంజిన్‌ని బలవంతంగా తిప్పాలి. బాక్స్‌స్టర్ వెనక చక్రాలతో నడిచే బండి. బ్రేక్ వేసినప్పుడు బరువంతా ముందుకు పోయి వెనక తేలికై ఉంటుంది. సరిగ్గా ఆ సమయంలో వెనక చక్రాలకి ఆ కుదుపు తగిలితే తోక తిరుగుతుంది, తడి రోడ్డయితే మరీను.

మా రోజుల్లో దీనికి తోడు డబుల్ డీక్లచ్ ఒకటి, అంటే ఒక్క గేర్ మార్పుకి క్లచ్ రెండుసార్లు తొక్కడం. షోళవరంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి ఎయిర్‌స్ట్రిప్ మీద రేసులు జరిగేవి. 1990లో ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ వచ్చేదాకా మద్రాసులో రేసు అంటే అదే. ఫియట్లలో పెడల్‌కి చెక్క ముక్క కట్టుకునేవాళ్లు, కడ్డీని గ్యాస్‌తో కాల్చి వంచుకునేవాళ్లు. అప్పుడు కుదిరింది కదా అని ఇప్పటి పెడల్స్‌ని అలా చెయ్యకండి. ఇది ప్లాస్టిక్, లోపల సెన్సార్ ఉంది.

ఈసీఆర్_గాలి

అంకుల్, ఇప్పుడు కార్లే ఆ తట్టుడు తట్టేస్తున్నాయి కదా. నిస్సాన్ 370జెడ్ మాన్యువల్‌లో 2009 మోడల్ నుంచే కంప్యూటర్ రెవ్స్ (ఇంజిన్ తిరిగే వేగం) కలిపేది. పోర్షే వాళ్ల ఆటోమేటిక్ పీడీకే గేర్‌బాక్స్ అయితే మన కాలితో పనే లేదు.

షోళవరం_పాతకాపు

ఉంటే ఉండనీ నాయనా. ఈ అబ్బాయి కారులో లేదుగా.

అబార్త్_అక్క

తమ్ముడూ, వెడల్పు ఏ వైపు అన్నది నీ పాదాన్ని బట్టి ఉంటుంది. దీన్ని హీల్ అండ్ టో అంటారు గానీ, చాలామంది పాదం ముందు భాగం ఎడమ సగాన్ని బ్రేక్ మీద ఉంచి కుడి అంచుని యాక్సిలరేటర్ మీదికి వాలుస్తారు. అలా చేసేవాళ్లకి ప్లేట్ పై సగంలో, ఎడమ పక్కకి పెరగాలి. నిజంగా మడమతోనే నొక్కే అలవాటుంటే కింది ఎడమ మూల పెరగాలి. నీది నేల కీలు పెడల్ కదా, కింద నొక్కితే కీలుకి దగ్గరగా నొక్కినట్టు, బలం ఎక్కువ పెట్టాలి, తట్టు మొద్దుగా వస్తుంది. మోకాలు తగులుతోందన్నావు కాబట్టి నీకు పై సగమే మేలు.

అట్ట ముక్క కత్తిరించి డబుల్ సైడెడ్ టేప్‌తో అంటించి, కారు నిలబెట్టే ప్రాక్టీస్ చెయ్యి, ఇంజిన్ ఆపి. ఎక్కడ పాదం ఆనుతోందో అట్ట మీద మరక పడుతుంది. దాని ప్రకారం కోసుకుంటే అల్యూమినియం వృథా కాదు. ప్రాక్టీస్ అయ్యాక అట్ట పీకేయాలి సుమా, దానితో రోడ్డెక్కొద్దు.

ఇంకోటి. ఏ చెప్పులతో నడుపుతావు? ఊళ్లో సగం మంది హవాయి చెప్పులతోనే డ్రైవింగ్. చెప్పు అంచు ప్లేట్ కింద ఇరుక్కుంటే పట్టుకుని లాగడానికి టైమ్ ఉండదు.

ఫ్లాట్‌సిక్స్_తిరువాన్మియూర్

అక్కా, షూస్‌తోనే. సన్నటి అడుగు ఉన్నవి.

మాస్టర్ గారు చెప్పినట్టే మా తమ్ముణ్ణి కింద కూర్చోబెట్టి కొలిచాను. ఇంజిన్ ఆన్‌లో, బ్రేక్ వదిలేసి ఉన్నప్పుడు యాక్సిలరేటర్ 45 మి.మీ. లోపల ఉంది. బలంగా తొక్కినప్పుడు 24. పక్కకి రెండు పెడల్స్ అంచుల మధ్య ఖాళీ 62. అట్ట మీద మరక పై ఎడమ మూలనే పడింది. ఫ్లూయిడ్ నిరుడే మార్పించాను, అయినా ఈసారి సర్వీస్‌లో మళ్లీ మార్చమంటాను.

అంటే 24లో 10 వదిలి 14 నింపాలి. ప్లేట్ 4 మి.మీ., కింద స్పేసర్ 10. సరేనా? పక్కకి ఎంత పెంచమంటారు?

లేత్_మాస్టర్ (అంబత్తూరు)

14 సరే. పక్కకి 15 దాటించొద్దు. దానికి రెండు కారణాలు. ఒకటి, పానిక్‌లో బ్రేక్ తొక్కినప్పుడు పాదం ఎప్పుడూ బ్రేక్ మధ్యలోనే పడదు. కుడివైపు జారి పడ్డా యాక్సిలరేటర్ అంచుకి తగలకూడదు. రెండు, ప్లేట్ పక్కకి పెరిగేకొద్దీ మీరు అంచు మీద నొక్కిన ప్రతిసారీ పెడల్ మెలి తిరుగుతుంది. ఆ భారమంతా కింద ప్లాస్టిక్ కీలు మీద పడుతుంది.

సరుకు: అల్యూమినియంలో 6061 గానీ 6082 గానీ, టీ6 గ్రేడ్, 4 మి.మీ. షీట్. వంటసామాను రేకు పనికిరాదు, వంగుతుంది. పారిస్ కార్నర్ హార్డ్‌వేర్ వీధుల్లో తూకానికి తుంపు ముక్కలు దొరుకుతాయి. అంబత్తూరు ఎస్టేట్‌లో లేజర్ కటింగ్ వాళ్లకి డ్రాయింగ్ ఇచ్చినా కోసిస్తారు, కానీ ఒక్క ముక్కకి వెతుక్కుంటూ రావడం దండగ. హ్యాక్‌సా, ఆకురాయి చాలు. అంచులన్నీ గుండ్రంగా రుద్దాలి, వేలితో తడిమితే ఎక్కడా గీరుకోకూడదు.

స్పేసర్‌కి వాషర్లు పేర్చొద్దు. వాషర్ల దొంతర ఊగుతుంది, వదులవుతుంది, ఒకటి జారితే పెడల్ కిందే పడుతుంది. బోల్టుకి సరిపడే లోరంధ్రం ఉన్న అల్యూమినియం బుష్‌లు తిప్పించుకోండి, లేత్ ఉన్న ఎవరైనా అరగంటలో ఇస్తారు. ఇంకా మంచిది, ప్లేట్ సైజులోనే 10 మి.మీ. గట్టి నైలాన్ బ్లాక్ ఒకటి మధ్యలో పెట్టండి. భారం పెడల్ ముఖమంతా పరుచుకుంటుంది.

ఇక బోల్టులు. ఇక్కడ తొందర వద్దు. సాధారణంగా అందరూ ముందునుంచి బోల్టు దూర్చి వెనక నట్ వేస్తారు. పెడల్ పూర్తిగా నొక్కినప్పుడు ఆ నట్టు కార్పెట్‌కి తగులుతుంది. అప్పుడు రెండిట్లో ఏదో ఒకటి జరుగుతుంది. ఫుల్ థ్రాటిల్ అందదు, లేకపోతే నట్ మూల కార్పెట్ పోగుల్లో చిక్కి పెడల్ వెనక్కి రాదు. రెండోదే భయపడాల్సింది. అందుకే ప్లేట్‌లోనే ఎం5 ట్యాప్‌తో మర కోయండి, 4.2 డ్రిల్ బిట్‌తో రంధ్రం చేసి. బోల్టు వెనకనుంచి వస్తుంది, బటన్ హెడ్, తల ఎత్తు 3 మి.మీ. లోపే. ప్లాస్టిక్ పెడల్‌కి రంధ్రం 5.5. పెడల్ వెనక రిబ్స్ (బలానికి పోసిన గట్లు) ఉంటాయి, వాటి మధ్యలోనే పడేలా గుర్తు పెట్టుకోండి. ఒక్క రిబ్ కోసినా పెడల్ బలం పోతుంది. బోల్టు ప్లేట్ దాటి పైకి తేలకూడదు, తేలితే రుద్దేయాలి. మరల్లో లాక్‌టైట్ 243, అంటే నీలం రకం. అది ప్లాస్టిక్ మీద కారనివ్వొద్దు, కొన్ని ప్లాస్టిక్‌లు పగుళ్లిస్తాయి. బిగించాక తల మీద నుంచి పెడల్ మీదికి పెయింట్ మార్కర్‌తో ఒక గీత గీయండి. తర్వాత ఎప్పుడు టార్చ్ వేసి చూసినా వదులైందో లేదో ఆ గీతే చెప్తుంది.

ఇదంతా కారులో వంగి చెయ్యకండి, పెడల్ అసెంబ్లీ విప్పి వైస్ దగ్గర చెయ్యండి. ఇగ్నిషన్ ఆఫ్ చేశాకే కనెక్టర్ పీకాలి.

ఈసీఆర్_గాలి

మాస్టర్, ఇంత చేసేదానికి పుదుప్పేట పాత విడిభాగాల బజారులో ఇంకో కారు పెడల్ తీసుకుని పెట్టేస్తే?

లేత్_మాస్టర్ (అంబత్తూరు)

పుదుప్పేటలో 987 పెడల్ దొరికితే నాకూ ఒక మాట చెప్పండి. వేరే కారుది పెడితే సెన్సార్ ఓల్టేజీలు కలవవు. ఈ పెడల్స్‌లో రెండు సెన్సార్ ట్రాకులు ఉంటాయి. ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, రెండిటినీ పోల్చి చూస్తూనే ఉంటుంది. లెక్క తేడా వస్తే లైటు వెలిగించి, ఇంజిన్ బలం తగ్గించేసే లింప్ మోడ్‌లోకి పోతుంది.

అబార్త్_అక్క

ఆ మాట మీద ఒకటి చెప్పాలి. చాలా కార్లలో బ్రేకూ యాక్సిలరేటరూ కలిపి నొక్కితే థ్రాటిల్ మూసేసే ఏర్పాటు ఉంటుంది. తట్టి వదిలితే పట్టించుకోని కార్లున్నాయి, నొక్కి పట్టుకుంటే కోసేస్తాయి. ప్లేట్ వేశాక రెవ్స్ రాకపోతే తప్పు ప్లేట్‌దే అనుకుని ఇంకో 5 మి.మీ. పెంచేయకు. ఖాళీ చోట నీ కారు ఏం చేస్తుందో ముందు చూసుకో.

క్లెయిమ్_సర్వేయర్

నేను ఇన్సూరెన్స్ వైపు మనిషిని, నాలుగు మాటలు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినదానికి తేడా పడేలా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత 182ఏ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. పెడల్ మీది ప్లేట్ ఆర్‌సీలో రాసే వివరం కాదు. కానీ యాక్సిడెంట్ అయిన బండిలో కాళ్ల దగ్గర చేతిపని కనిపిస్తే, సర్వేయర్ ఫోటో తీసి రిపోర్టులో పెడతాడు. కంపెనీకి ముందే మెయిల్ పెట్టి, జవాబు దాచుకోండి.

ఇంకో సంగతి: మ్యాట్. 2009లో అమెరికాలో శాన్ డియేగో దగ్గర లెక్సస్ ఈఎస్ 350లో ఫ్లోర్ మ్యాట్‌కి యాక్సిలరేటర్ ఇరుక్కుని నలుగురు చనిపోయారు. ఆ తర్వాత టొయోటా లక్షల కార్లని వెనక్కి పిలిచి, మ్యాట్‌కి తగలకుండా పెడల్స్ కింది అంచు కోయించింది. వాళ్లు పెడల్ పొట్టి చేశారు, మీరు పెద్దది చేస్తున్నారు. ప్లేట్ కింది అంచు అసలు పెడల్ అంచు దాటి ఒక్క మిల్లీమీటర్ కూడా కిందికి రాకుండా చూసుకోండి. మ్యాట్‌లకి కొక్కేలు ఉండాలి, మ్యాట్ మీద మ్యాట్ వేయొద్దు.

ఫ్లాట్‌సిక్స్_తిరువాన్మియూర్

పని అయింది. వాషర్లు లేవు, నైలాన్ బ్లాకే పెట్టాను. ప్లేట్ పై సగంలో ఎడమకి 14 మి.మీ. పెరిగింది, కింది సగం అసలు పెడల్‌తో సమానం. మ్యాట్ తీసేసి, కార్పెట్ మీదే నడుపుతున్నాను.

బిగించే ముందు ఓబీడీ రీడర్‌తో (కారు కంప్యూటర్ అంకెలు చూపించే పరికరం) పెడల్ పొజిషన్ అంకెలు రాసుకున్నాను, వదిలేసినప్పుడు ఎంత, పూర్తిగా నొక్కినప్పుడు ఎంత అని. బిగించాక అవే అంకెలు వచ్చాయి. ఇంజిన్ ఆపి చేత్తో పదే పదే నొక్కి వదిలాను, మూలల నుంచి కూడా. ఎక్కడా పట్టలేదు. పాలిష్ చేసిన అల్యూమినియం తడి షూకి జారుతోంది, ముఖం మీద గరుకు గ్రిప్ టేప్ అంటించాను. వానాకాలం ముందే చూసుకోవడం మంచిదైంది.

ఇక నడిపితే ఎలా ఉంది అంటే: గట్టి బ్రేకింగ్‌లో అద్భుతం. పాదం వాలిస్తే చాలు, రెవ్స్ లేస్తున్నాయి. కానీ ఊళ్లో, వేలచ్చేరి మెయిన్ రోడ్ మీద సిగ్నల్ చూసి మెల్లిగా బ్రేక్ వేసేటప్పుడు ఇప్పటికీ అందట్లేదు. ఇంకో 8 మి.మీ. వేస్తే అక్కడా అందుతుంది. వేయనా?

ఈసీఆర్_గాలి

వేసెయ్ బ్రో.

లేత్_మాస్టర్ (అంబత్తూరు)

వద్దు. మెల్లిగా తొక్కినప్పుడు బ్రేక్ పెడల్ పైనే ఉంటుంది, అక్కడికి అందేలా పెంచితే గట్టిగా తొక్కినప్పుడు యాక్సిలరేటర్ దాదాపు సమానమైపోతుంది. మీరు వదిలిన 10 అందుకే. సిగ్నల్ దగ్గర మామూలుగా క్లచ్ వదిలి నడపండి, గేర్‌బాక్స్‌లో గేర్ల వేగాలు కలిపే సింక్రోలు ఉన్నాయి.

షోళవరం_పాతకాపు

వేలచ్చేరిలో హీల్ అండ్ టో ఎవరికి చూపిద్దామని నాయనా! ముందు ఆటోల వాళ్లని తప్పించుకో.

ఫ్లాట్‌సిక్స్_తిరువాన్మియూర్

సరే, ఇలాగే ఉంచుతాను. బ్రేక్ పెడల్‌కి కూడా జోడీగా ఒక అల్యూమినియం ప్లేట్ వేస్తే చూడటానికి బాగుంటుందని మా తమ్ముడు అంటున్నాడు.

లేత్_మాస్టర్ (అంబత్తూరు)

బ్రేక్ జోలికి పోవద్దు. దాని ఎత్తు పెంచారంటే ఇప్పటిదాకా కొలిచినదంతా గంగలో కలిసినట్టే. పైగా పానిక్‌లో మనిషి పెట్టే బలానికి ఆ ప్లేట్ ఊడితే తప్పించుకునే దారి లేదు. కంపెనీ ఇచ్చిన రబ్బరు అలాగే ఉండనీయండి.

నెల్లూరు_క్లచ్

నా పోలో సంగతేంది మరి? నాది మొత్తం ప్లాస్టిక్కు పెడల్, నేల కీలు లేదు, పైనుంచే వేలాడతా ఉంది.

అబార్త్_అక్క

వేలాడే పెడల్‌కి ఈ కొలతలు పనికిరావు. నేల కీలు పెడల్‌కి కింద మొత్తం ఊతం ఉంటుంది. నీదానికి పైన ఒక్క సన్నటి కాడ మాత్రమే, పక్కకి పెంచితే అది మెలి తిరుగుతుంది. 14 మి.మీ. కాదు కదా, 8 కూడా ఎక్కువే. నాదీ వేలాడే రకమే, కాబట్టి వెడల్పు జోలికి పోకుండా ఎత్తు మాత్రమే పెంచుకున్నాను. ముందు ఇంజిన్ ఆన్ చేసి కొలువు. ఆ అంకె, పెడల్ వెనకవైపు ఫోటో పెట్టు. రిబ్స్ ఎక్కడున్నాయో చూసి చెప్తాను.

నెల్లూరు_క్లచ్

ఆదివారం కొలిచి పెడతా అక్కా. స్కేలు పట్టుకునేదానికి మనిషిని వెతుక్కోవాల.